డిప్రెషన్ థీసిస్: రక్తంలో ఆక్సిటోసిన్, ఎన్‌పీవై కొలవాలంటే శాంపిల్ ఎట్ల తీయాలె?

వడ్డేపల్లి_పీజీ · సోమవారం, రాత్రి 9:10

నమస్తే అందరికీ. వరంగల్‌లో సైకియాట్రీ పీజీ. థీసిస్ టాపిక్: మొదటిసారి డిప్రెషన్ అని తేలినవాళ్ళలో ఆక్సిటోసిన్, న్యూరోపెప్టైడ్ వై (ఎన్‌పీవై) స్థాయిలు. రెండూ న్యూరాన్లు సంకేతాలకు వాడే పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. 40 మంది రోగులు, పోల్చడానికి 40 మంది ఆరోగ్యవంతులు.

ప్లాన్ ఇది. ఓపీకి వచ్చినప్పుడే ఎర్రమూత ట్యూబులో 5 ఎంఎల్ రక్తం తీస్తాం. గంటలోపు ల్యాబుకు పంపి, 3000 ఆర్‌పీఎంలో పది నిమిషాలు తిప్పి, సీరం తీసి డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్ పైఅరలో -20లో పెడతాం. అందరివీ పూర్తయ్యాక ఒకేసారి ఎలైజా (యాంటీబాడీతో కొలిచే పరీక్ష). ఎథిక్స్ కమిటీకి పంపేముందు లోపాలుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కాజీపేట_బయోకెం · సోమవారం, రాత్రి 10:02

డాక్టర్ గారూ, టాపిక్ బాగుంది. కానీ ఈ ప్లాన్‌తో పోతే ఎలైజా దాకా రాకముందే, ఓపీ బల్ల మీదనే పని చెడిపోతది.

ముందు ఆ ఎర్రమూత సంగతి. సీరం కావాలంటే రక్తం గడ్డకట్టాలె, అరగంట బయట ఉండాలె. ఆ అరగంట రక్తంలోని పెప్టిడేజులు, అంటే పెప్టైడ్లను తెంచే ఎంజైములు, ఊకుండవు. ఆక్సిటోసిన్‌లో ఉన్నవే తొమ్మిది అమైనో ఆమ్లాలు, ఒంట్లో తిరిగే రక్తంలో దాని అర్ధాయువు కొద్ది నిమిషాలే. ఎన్‌పీవైది 36 అమైనో ఆమ్లాల గొలుసు. డీపీపీ-4 అనే ఎంజైము దాని మొదటి రెండిటినీ కత్తిరించి 3-36 ముక్కను మిగులుస్తది. ఆ ముక్క వై1 గ్రాహకం మీద దాదాపు పనిచెయ్యదు, కానీ కిట్‌లోని యాంటీబాడీ గొలుసు తోకభాగాన్ని పట్టేదైతే రెండిటినీ ఒక్కటే అని లెక్కేస్తది. క్రాస్ రియాక్టివిటీ పట్టిక (యాంటీబాడీ ఇంకా వేటిని పడతదో చెప్పేది) చూడకుండా కిట్‌కు ఆర్డర్ పెట్టొద్దు.

కాబట్టి ప్లాస్మానే, అంటే గడ్డకట్టనియ్యని రక్తంలోని ద్రవాన్నే, తీయాలె. ఊదామూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనియ్యని రసాయనం) ట్యూబును ముందే ఐస్‌లో చల్లార్చి పెట్టుకోవాలె. ఎంఎల్ రక్తానికి 500 కేఐయూ (దాని బలాన్ని కొలిచే యూనిట్) లెక్కన అప్రోటినిన్ అనే ఎంజైము నిరోధకం పడాలె. ఎంఎల్‌కు 10,000 కేఐయూ ఉన్న ద్రావణమైతే 5 ఎంఎల్ రక్తానికి 250 మైక్రోలీటర్లు. దీనివల్ల ప్లాస్మా కొంచెం పలచబడతది. ఫరవాలేదు, కానీ అందరి ట్యూబుల్లో అంతే పడాలె, రక్తం కూడా గీతదాకా నిండాలె. ఒక ట్యూబులో 5, ఇంకోదాంట్లో 3 ఎంఎల్ తీస్తే ఆ తేడానే మీకు రోగం తేడా లెక్క కనబడతది.

అప్రోటినిన్ వేసినం కదా, అన్ని ఎంజైములూ ఆగినయ్ అనుకోవద్దు. అది డీపీపీ-4ను ఆపదు. ఎన్‌పీవై పూర్తి గొలుసే కావాలంటే డీపీపీ-4 నిరోధకం వేరే కలపాలె. ఆక్సిటోసిన్‌ను తెంచే ఆక్సిటోసినేజ్ జింకు మీద నడిచే ఎంజైము, దాన్ని ఈడీటీఏ కొంత కట్టేస్తది. హెపారిన్ ట్యూబు కన్నా ఈడీటీఏ ఎందుకు అంటే ఇందుకే.

తీసినంక ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యండి. ఊపొద్దు. ఎర్రకణాలు పగిలితే ప్లాస్మా గులాబీరంగుకు తిరుగుతది, లోపలి ఎంజైములన్నీ బయటపడతయ్. అసొంటి శాంపిల్ పక్కన పెట్టుడే. అరగంటలోపు 4 డిగ్రీల దగ్గర 1600 జీ (భూమి గురుత్వానికి 1600 రెట్ల బలం) మీద 15 నిమిషాలు తిప్పి, ప్లాస్మా తీసి వెంటనే -80కి పంపాలె.

ల్యాబ్‌టెక్_జనగామ · సోమవారం, రాత్రి 10:40

సార్ 1600 జీ అన్నరు, పీజీ మేడం 3000 ఆర్‌పీఎం అని రాసిన్రు. రెండూ ఒక్కటి కావు. ఆర్‌పీఎం అంటే ఎన్ని చుట్లు అనే తెలుస్తది, బలం ఎంతో తెల్వది. లెక్క ఇది: 0.00001118ని వ్యాసార్ధం సెంటీమీటర్లతోని, ఆర్‌పీఎం వర్గంతోని గుణించాలె.

వ్యాసార్ధం 10 సెంటీమీటర్ల మిషన్‌ల 3000 ఆర్‌పీఎం పెడితే వచ్చేది 1006 జీ. 1600 కావాలంటే దగ్గర దగ్గర 3780 పెట్టాలె. అదే 15 సెంటీమీటర్ల రోటరైతే 3090 చాలు. వ్యాసార్ధం కొలిచేటప్పుడు బకెట్‌ను అడ్డంగ లేపి, నడిమి ఇరుసు కాన్నుంచి ట్యూబు అడుగు దాకా టేపు పెట్టాలె. చానమంది మూత దాకా కొలుస్తరు, అది తప్పు.

ఇంకోటి, ఆ "ఫ్రిజ్ పైఅర" ముచ్చట. మంచు గడ్డకట్టని రకం ఫ్రిజ్‌లు మంచు కరిగించుకునేటందుకు మధ్యమధ్యల హీటర్ ఏస్కుంటయ్. డిస్‌ప్లే మీద -20 అనే ఉంటది, లోపట చిన్న వయల్ మాత్రం కొంచెం కరిగి మళ్ళ గడ్డకడతది. గట్ల నెలలకు నెలలు. శాంపిల్స్‌కు ఆ ఫ్రిజ్ అసలే వద్దు.

ప్లాస్మా పీల్చేటప్పుడు తెల్లపొర మీద అర సెంటీమీటరు వదిలెయ్యాలె. ఆశపడి అడుగుదాకా పీలిస్తే ప్లేట్‌లెట్లు వస్తయ్.

వడ్డేపల్లి_పీజీ · సోమవారం, రాత్రి 11:05

చాలా థ్యాంక్స్ సార్, అన్నా. కూలింగ్ సెంట్రిఫ్యూజ్ బయోకెమిస్ట్రీలో ఉంది, ఓపీ నుంచి నడిచి పది నిమిషాలు. థర్మాకోల్ డబ్బాలో ఐస్ పెట్టుకుని పోతే సరిపోతుందా? ఎక్స్‌ట్రాక్షన్ (ఎలైజాకు ముందు ప్లాస్మాలోంచి పెప్టైడ్‌ను విడదీయడం) చేయాలా వద్దా అన్నది కూడా అర్థం కావట్లేదు. కిట్ అమ్మే అతను "డైరెక్ట్‌గా పోసెయ్యొచ్చు మేడం" అంటున్నాడు.

కాజీపేట_బయోకెం · మంగళవారం, ఉదయం 6:50

ఐస్ సరిపోతది. కానీ ఉత్త ఐస్ ముక్కల్లో గుచ్చితే ట్యూబు చుట్టూ గాలే ఉంటది, చల్లదనం పట్టదు. ఐస్ నలగ్గొట్టి నీళ్ళు కలిపి ఆ ముద్దలో రక్తం ఉన్నంతమేర ముంచండి. డ్రై ఐస్‌లో మాత్రం పెట్టొద్దు, రక్తం గడ్డకట్టి కణాలు పగులుతయ్.

ఎక్స్‌ట్రాక్షన్ విషయం: అమ్మేటాయన మాట పక్కనబెట్టి అంకెలు చూడండి. ఎక్స్‌ట్రాక్షన్ లేకుండా నేరుగా పోసిన ఆక్సిటోసిన్ ఎలైజాలో ఎంఎల్‌కు వందల పికోగ్రాములు వస్తయ్. అదే ప్లాస్మాను ఎక్స్‌ట్రాక్ట్ చేసి కొలిస్తే పదిలోపే. ఒకే రక్తంలో ఇంత తేడా ఉందంటే నేరుగా పోసినప్పుడు యాంటీబాడీ వేరే ప్రొటీన్లనూ, అతుక్కుని ఉన్నవాటినీ పట్టుకుంటున్నదని అర్థం. రెండు పద్ధతుల అంకెలు ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగవు కూడా.

పెప్టైడ్‌ను పట్టి ఉంచే సీ18 కాలమ్‌తో చేసే విధానం చెప్తున్న, కిట్ పుస్తకంతో సరిచూసుకోండి. ఒక ఎంఎల్ ప్లాస్మాకు అంతే 0.1 శాతం టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం) నీళ్ళు కలిపి, 17,000 జీ మీద 4 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు తిప్పి పైద్రవం తీసుకోవాలె. 200 మిల్లీగ్రాముల కాలమ్‌ను ముందు ఒక ఎంఎల్ అసిటోనైట్రైల్‌తో తడిపి, తర్వాత 10 నుంచి 15 ఎంఎల్ 0.1 శాతం టీఎఫ్ఏతో కడగాలె. అప్పుడు శాంపిల్ పొయ్యాలె. మళ్ళీ 10-15 ఎంఎల్ టీఎఫ్ఏతో కడిగి, చివరికి టీఎఫ్ఏలో కలిపిన 60 శాతం అసిటోనైట్రైల్ 3 ఎంఎల్ పోసి పెప్టైడ్‌ను దింపుకోవాలె. దాన్ని వాక్యూమ్ సెంట్రిఫ్యూజ్‌లో ఆరబెట్టి 250 మైక్రోలీటర్ల బఫర్‌లో కరిగిస్తే నాలుగింతలు చిక్కబడ్డట్టు. వచ్చిన అంకెను నాలుగుతో భాగించుడు మర్చిపోవద్దు.

ఎక్కడ చెడుతది అంటే, తడిపిన కాలమ్ శాంపిల్ పోసేలోపే ఎండిపోతది. పెప్టైడ్ పట్టుకోకుండా జారిపోతది. రెండోది తొందర: వాక్యూమ్ ఎక్కువ పెట్టి గుంజితే ఎట్ల పోసింది అట్లనే కిందికి పోతది. నిమిషానికి ఒక ఎంఎల్ మించకుండా చుక్కచుక్క పడాలె. మూడోది అసిటోనైట్రైల్ పూర్తిగా ఆరకపోవడం. రవ్వంత మిగిలినా ఎలైజాలో యాంటీబాడీ పని పాడైతది.

ఇన్ని చేసినా ఎంత దక్కిందో తెలియాలంటే, ఒక ప్లాస్మాను రెండు పాళ్ళు చేసి ఒకదాంట్లో తెలిసినంత ఆక్సిటోసిన్ కలిపి రెండూ నడపండి. కలిపినదాంట్లో 80 నుంచి 120 శాతం తిరిగి దొరికితే ముందుకు పోవచ్చు. అట్లనే ఒక శాంపిల్‌ను రెండింతలు, నాలుగింతలు పలచన చేసి చూడండి. అంకె కూడా సగం, పావు కావాలె. కాకపోతే కొలుస్తున్నది ఆక్సిటోసిన్ కాదు.

హన్మకొండ_మనోవైద్యం · మంగళవారం, ఉదయం 8:15

బయోకెం సార్‌తో ఒకచోట విభేదిస్తాను. పీజీ థీసిస్‌కు ఇచ్చే సమయం, డబ్బు చూసుకుంటే 80 శాంపిళ్ళకు ఎక్స్‌ట్రాక్షన్ అనేది చిన్న పని కాదు. చేయి కుదరనివాళ్ళు చేస్తే కాలమ్‌కూ కాలమ్‌కూ తేడా వచ్చి, నేరుగా పోసినదానికన్నా ఎక్కువ గందరగోళం అవుతుంది. నా ఉద్దేశంలో రెండు పెప్టైడ్లు పెట్టుకుని రెండూ సగంసగం చేసేకన్నా ఒక్కటే పెట్టుకోవాలి.

ఇంకో దారి కూడా ఉంది. వాసోప్రెసిన్ (ఒంట్లో నీటిని నిలిపే పెప్టైడ్ హార్మోను) మీద ఆసక్తి ఉంటే కోపెప్టిన్ కొలవండి. వాసోప్రెసిన్ ఏ పెద్ద గొలుసు నుంచి తెగి వస్తుందో అదే గొలుసులోని 39 అమైనో ఆమ్లాల ముక్క అది. రెండూ సమానంగా విడుదలవుతాయి. వాసోప్రెసిన్ నిమిషాల్లో మాయమైపోతే, కోపెప్టిన్ మాత్రం ట్యూబులో గది ఉష్ణోగ్రత దగ్గర కూడా రోజుల తరబడి చెదరదు. అప్రోటినిన్ గోల లేదు, ఎక్స్‌ట్రాక్షన్ గోల లేదు. మన ఓపీలకు సరిపడే పెప్టైడ్ ఏదన్నా ఉందంటే అదే.

అయితే దానికి దాని చిక్కులున్నాయి. ఎండాకాలం ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో బస్సెక్కి, నీళ్ళు తాగకుండా మధ్యాహ్నానికి ఓపీకి చేరినవాళ్ళ రక్తంలో వాసోప్రెసిన్, కోపెప్టిన్ రెండూ దప్పికతోనే లేచి ఉంటాయి. దాన్ని డిప్రెషన్ ఖాతాలో రాసేస్తాం. సిగరెట్ నికోటిన్ కూడా వాసోప్రెసిన్‌ను పెంచుతుంది. అందుకని ఏ పెప్టైడ్ అయినా సరే ఓపీలో వచ్చినోళ్ళకు వచ్చినట్టు తీయకండి. మర్నాడు పొద్దున రమ్మనండి. రాత్రి నుంచి ఏమీ తినకుండా, మంచినీళ్ళు మాత్రం తాగి, ఎనిమిది తొమ్మిది మధ్య. పొగ తాగకుండా. ముందు క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి, అరగంట పడుకోబెట్టి, అప్పుడు తీయాలి. సూది గుచ్చిన భయానికే ఎన్‌పీవై కదులుతుంది, ఎందుకంటే రక్తంలో కనపడే ఎన్‌పీవైలో ఎక్కువ భాగం సింపథెటిక్ నరాల నుంచి, అడ్రినల్ నుంచి వచ్చేది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు ఆక్సిటోసిన్ అధ్యయనంలో ఉండకూడదు. మిగతా ఆడవాళ్ళకు నెలసరిలో ఎన్నో రోజో రాసుకోవాలి. మందులు ఆపించి రక్తం తీయడం మాత్రం వద్దే వద్దు. ఇంకా మందు మొదలుపెట్టనివాళ్ళనే తీసుకోండి, తీసిన రోజే మందు మొదలుపెట్టండి. ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్ళకు మర్నాడు రమ్మనడం కూడా కుదరదు. అలాంటివాళ్ళను అధ్యయనంలోంచి వదిలేసి అప్పుడే చేర్చుకోవాలి, ఈ మాట ప్రొటోకాల్‌లోనే రాయండి. కమిటీ మొదట అడిగేది అదే. సమ్మతి పత్రం తెలుగులో, చదవడం రానివాళ్ళకు సాక్షితో.

కంట్రోళ్ళుగా (పోల్చడానికి తీసుకునే ఆరోగ్యవంతులుగా) ఆసుపత్రి సిబ్బందిని పట్టుకొచ్చే అలవాటు మనకు ఉంది. నైట్ డ్యూటీ దిగిన నర్సు, 45 ఏళ్ళ రైతు రోగికి జోడీ ఎలా అవుతుంది? వయసు, ఆడ-మగ, బరువు, పొగ అలవాటు కలవాలి. రోగితో వచ్చిన రక్తసంబంధం లేని బంధువులు, ఇరుగుపొరుగు మేలు.

కాజీపేట_బయోకెం · మంగళవారం, ఉదయం 8:40

కోపెప్టిన్ మాట ఒప్పుకుంట. ఎక్స్‌ట్రాక్షన్ లేకుండా ఆక్సిటోసిన్ అన్నదానికి మాత్రం ఒప్పుకోను. చేయి కుదరకపోతే ముందు బ్లడ్‌బ్యాంక్‌లో గడువు తీరిన ప్లాస్మా అడిగి తెచ్చి దానిమీద కుదుర్చుకోవాలె, అంతేగాని మెట్టు ఎగ్గొడితే ఎట్ల?

లెక్కల్లోళ్ళు_మంచిర్యాల · మంగళవారం, మధ్యాహ్నం 1:20

40కి 40 అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? పాత థీసిస్‌లో ఉంది కాబట్టి అయితే కుదరదు. 0.05 ప్రాముఖ్యత స్థాయి దగ్గర 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) కావాలంటే ఈ సంఖ్యతో దొరికేది 0.63 ప్రామాణిక విచలనాల తేడా ఉంటేనే. సగం విచలనం తేడా పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. 0.3 అయితే గుంపుకు 176. మానసిక వ్యాధుల్లో రక్తపు పెప్టైడ్ల తేడాలు పెద్దవిగా ఉంటాయని ఆశించడానికి లేదు.

ప్లేటు లెక్క కూడా ముందే వేసుకోండి. ఎలైజా ప్లేటులోని 96 గుంతల్లో ఏడు స్టాండర్డులు (గాఢత తెలిసిన ద్రావణాలు) రెండేసి చొప్పున 14. ఖాళీవి, యాంటీబాడీ ఎంత అతుక్కుంటుందో చూసేవి వగైరా 8. క్వాలిటీ కంట్రోళ్ళు 4. పోగా 70 గుంతలు, రెండేసి చొప్పున 35 మంది. 80 మందికి మూడు ప్లేట్లు, రెండు పెప్టైడ్లకు ఆరు. ప్రతి ప్లేటులోనూ రోగులు, కంట్రోళ్ళు సగంసగం ఉండాలి. మొదటి ప్లేటు నిండా రోగులు, రెండోదాని నిండా కంట్రోళ్ళు పోసి "గణనీయమైన తేడా" అని రాసిన థీసిస్‌లు లేకపోలేదు. అది రెండు ప్లేట్ల మధ్య తేడా. ప్లేటు మీద పోసేవాళ్ళకు ఎవరిది ఏ శాంపిలో తెలియకూడదు కూడా.

చిన్న పెప్టైడ్లకు వాడేది ఎక్కువగా పోటీపద్ధతి ఎలైజా. అందులో రంగు తక్కువ ఉంటే హార్మోను ఎక్కువ. ఎక్సెల్‌లో సరళరేఖ గీయకండి, నాలుగు పరామితుల వక్రరేఖే వేయాలి. రెండు గుంతల మధ్య తేడా 10 శాతం దాటితే ఆ శాంపిల్ మళ్ళీ నడపాలి. కొలత పరిధికి దిగువన వచ్చినవాటికి సున్నా వేసుకోవద్దు, ఎంతమందికి అలా వచ్చిందో విడిగా రాయాలి. అంకెలు కుడివైపు సాగి ఉంటాయి కనుక లాగరిథమ్ తీసి విశ్లేషించండి.

వడ్డేపల్లి_పీజీ · మంగళవారం, రాత్రి 8:30

గైడ్ మేడంతో మాట్లాడాను. బీడీఎన్‌ఎఫ్ (న్యూరాన్ల ఎదుగుదలకు తోడ్పడే ప్రొటీన్) కూడా కలపమంటున్నారు, "ఎలాగూ రక్తం తీస్తున్నాం కదా" అని.

ల్యాబ్‌టెక్_జనగామ · మంగళవారం, రాత్రి 8:52

గదైతే సీరమా ప్లాస్మానా ముందు తేల్చుకోవాలె మేడం. బీడీఎన్‌ఎఫ్ ప్లేట్‌లెట్లల్ల నిండి ఉంటది, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికి వస్తది. సీరంల మస్తు ఎక్కువ, ప్లాస్మాల మస్తు తక్కువ. ఎంతసేపు గడ్డకట్టనిచ్చిన్రో దాన్నిబట్టి అంకె మారుతది. ఒకరికి అరగంట, ఇంకొకరికి రెండు గంటలు అంటే అయిపాయె. పెప్టైడ్లకు పెట్టిన చల్లటి ఈడీటీఏ ట్యూబుల దాన్ని కొలిచి, వేరేటోళ్ళ సీరం అంకెలతోని పోల్చొద్దు.

హన్మకొండ_మనోవైద్యం · మంగళవారం, రాత్రి 9:15

పైగా అది న్యూరోపెప్టైడ్ కాదు, వృద్ధికారక ప్రొటీన్. థీసిస్ పేరు కిందకే రాదు. గైడ్ గారికి మర్యాదగా ఆ మాటే చెప్పి తప్పించుకోండి.

ఎలుకలగది · బుధవారం, ఉదయం 7:30

అందరూ ట్యూబుల గురించే మాట్లాడుతున్నారు, అసలు ప్రశ్న ఎవరూ ఎత్తట్లేదు. రక్తంలో ఆక్సిటోసిన్ ఎంతుందో తెలిస్తే మెదడు గురించి ఏం తెలిసినట్టు?

హైపోథాలమస్‌లోని పెద్ద న్యూరాన్లు ఆక్సిటోసిన్‌ను వెనుక పిట్యూటరీ ద్వారా రక్తంలోకి వదులుతాయి. అమిగ్డలాకు, బ్రెయిన్‌స్టెమ్‌కు అందేది వేరు, అది నరాల తంతువుల ద్వారా, న్యూరాన్ల డెండ్రైట్ల నుంచి అక్కడికక్కడే విడుదలయ్యేది. రెండూ ఒకేసారి పెరగాలని నియమం లేదు. రక్తంలోది రక్త-మెదడు అవరోధం దాటి వెనక్కి వెళ్ళేది చాలా స్వల్పం.

గ్లూటమేట్ లాంటివి 40-50 నానోమీటర్ల చిన్న తిత్తుల్లో ఉండి ఒక్క సంకేతానికే బయటపడతాయి. పెప్టైడ్లు 100 నానోమీటర్ల చిక్కని తిత్తుల్లో ఉంటాయి, న్యూరాన్ గట్టిగా, వరుసగా మోగితే తప్ప విడుదల కావు. వచ్చాక తిరిగి పీల్చుకునే పంపు లేదు, ఎంజైములు తెంచేదాకా చుట్టుపక్కలకు పారుతూ పనిచేస్తాయి. సెరటోనిన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (దాన్ని తిరిగి పీల్చుకోనివ్వని డిప్రెషన్ మందులు) ఉన్నట్టు పెప్టైడ్లకు రీఅప్‌టేక్ మందు రాకపోవడానికి కారణం ఇదే.

మెదడులో పెప్టైడ్ ఏం చేస్తుందో చూడాలంటే జంతువే. 250-300 గ్రాముల ఎలుక, కీటమిన్ 80, జైలజీన్ 10 మిల్లీగ్రాములు కిలోకు. పార్శ్వ జఠరికలో (మెదడులోని ద్రవం ఉండే గది) క్యాన్యులా పెట్టడానికి బ్రెగ్మా (కపాలం ఎముకల అతుకులు కలిసే చోటు) నుంచి వెనక్కి 0.8, పక్కకు 1.5, లోతు 3.5 మిల్లీమీటర్లు. మీ ఎలుకల జాతికి, బరువుకు అట్లాస్‌తో సరిచూసుకుని ముందు రంగు ఎక్కించి కోసి చూడండి. కపాలానికి రెండుమూడు మరలు బిగించకుండా డెంటల్ సిమెంట్ ఒక్కటే పోస్తే వారంలో క్యాన్యులా ఊడి చేతికొస్తుంది. వారం కోలుకోనిచ్చాక నిమిషానికి ఒక మైక్రోలీటరు చొప్పున, మొత్తం 5 మించకుండా ఎక్కించి, సూదిని ఇంకో నిమిషం అక్కడే ఉంచాలి. వెంటనే తీస్తే మందు సూది వెంబడి పైకి వచ్చేస్తుంది. క్యాన్యులా సరైన చోట ఉందా లేదా అన్నదానికి తిరుగులేని పరీక్ష యాంజియోటెన్సిన్-2. 50-100 నానోగ్రాములు ఎక్కించిన కొద్ది నిమిషాల్లో దాహం లేని ఎలుక కూడా నీళ్ళ సీసా దగ్గరికి ఉరుకుతుంది. ఉరకలేదా, ఆ ఎలుక ఫలితాలు లెక్కలోకి రావు.

పెప్టైడ్ గాజుకూ పాలిస్టైరీన్‌కూ అతుక్కుంటుంది. పాలిప్రొపిలీన్ ట్యూబులు, బఫర్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు అల్బుమిన్ ప్రొటీన్). లేదంటే నానోగ్రాముల మోతాదులో సగం ట్యూబు గోడకే పోతుంది. మెదడు కణజాలంలో కొలవాలంటే తీసిన వెంటనే 0.1 నార్మల్ అసిటిక్ ఆమ్లంలో 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉడికించాలి. ఎంజైములు చస్తాయి, పెప్టైడ్ మిగులుతుంది.

ఫోర్స్‌డ్ స్విమ్ టెస్ట్ (ఎలుకను నీళ్ళలో వేసి ఎంతసేపు ఈదుతుందో, ఎంతసేపు తేలుతుందో చూసే పరీక్ష) పెట్టేవాళ్ళకు ఒక మాట: నీళ్ళు 23-25 డిగ్రీలు ఉండాలి. వరంగల్ మే నెలలో ట్యాంకు నీళ్ళు నేరుగా పడితే ఎక్కడుంటాయో అందరికీ తెలుసు. గోరువెచ్చని నీళ్ళలో ఎలుక తీరిగ్గా తేలుతుంది. మందు పనిచేయలేదని మీరు రాసుకుంటారు. ఆ పరీక్ష డిప్రెషన్‌ను కొలుస్తుందని అనుకోవడమే తప్పు, అది వేరే చర్చ.

మత్తుడాక్టర్_కరీంనగర్ · బుధవారం, ఉదయం 9:05

మనుషుల్లోనే మెదడుకు దగ్గరగా చూడాలంటే వెన్నుద్రవం ఉంది. థీసిస్ కోసం లంబార్ పంక్చర్ చేస్తామంటే ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయితే హెర్నియా, హైడ్రోసిల్ లాంటి ఆపరేషన్లకు ఎలాగూ స్పైనల్ ఇస్తాం. ముందే సమ్మతి తీసుకుని, మత్తుమందు ఎక్కించేముందు ఒక ఎంఎల్ పట్టుకోవచ్చు. 25 లేదా 27 గేజ్ సూదిలోంచి చుక్కచుక్కగా వస్తుంది, ఓపిక కావాలి. మొదటి చుక్కల్లో రక్తం కనపడితే వదిలేయాలి. అందరిలో అంతే ఎంఎల్ తీయాలి, ఎందుకంటే పైనుంచి కిందికి పెప్టైడ్ గాఢత మారుతుంది. అదే క్షణంలో చేతి రక్తం కూడా తీస్తే రెండిటికీ పొంతన ఎంతో మీకే తెలుస్తుంది. డిప్రెషన్ గురించి ఇది ఏమీ చెప్పదు, ఆపరేషన్ భయం కూడా కలుస్తుంది. కానీ పద్ధతి పరీక్షకు పనికొస్తుంది.

హుజూరాబాద్_రైతుబిడ్డ · బుధవారం, మధ్యాహ్నం 3:10

ఇయన్ని సదివిన, సగం సమజైంది. ఆక్సిటోసిన్ అంటే బర్లకు పాలు దించే సూది కాదా? దాన్నే ముక్కుల కొట్టుకుంటే మనసు కుదుటపడతదని యూట్యూబ్‌ల చెప్తున్నరు. నిజమేనా? ఇన్నేండ్ల నుంచి ఈ పెప్టైడ్లు చేసి మందేమన్న వచ్చిందా?

హన్మకొండ_మనోవైద్యం · బుధవారం, సాయంత్రం 6:00

అణువు అదే అన్నా. 1953లో డు విన్యూ అనే అమెరికా రసాయనవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో నోబెల్ వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి 10 యూనిట్లు కండకు ఇచ్చేది కూడా అదే. బర్లకు పాల కోసం పొడవడం తప్పు, చట్టరీత్యా కూడా. ఆ సీసా ముక్కులో వేసుకోవడం అంతకన్నా తప్పు, ఎంత బలమో, ఎంత శుభ్రమో ఎవరికీ తెలియదు.

ముక్కు స్ప్రే సంగతి: 2005లో 24 యూనిట్లు కొట్టించి, మనుషుల మధ్య నమ్మకం పెరిగిందని ఒక ప్రయోగం వచ్చింది, లోకమంతా పాకింది. తర్వాత అదే ప్రయోగం మళ్ళీ చేస్తే నిలవలేదు. ఆటిజం పిల్లల మీద పెద్ద పరీక్ష 2021లో వచ్చింది. 290 మంది పిల్లలు, 24 వారాలు. ఉత్త స్ప్రేకూ దీనికీ తేడా లేదు. ఇంటి దగ్గర ఎవరన్నా పిల్లలకు ఇది అమ్మజూపితే కొనకండి.

నిద్రవైద్యం_నిజామాబాద్ · బుధవారం, రాత్రి 9:20

మందు వచ్చిందా అన్నదానికి: వచ్చింది, కానీ అనుకున్న చోట కాదు. సబ్‌స్టెన్స్ పీ అనే పెప్టైడ్ గ్రాహకాన్ని అడ్డుకునే అప్రెపిటెంట్‌ను 1998లో డిప్రెషన్‌కు గొప్ప మందు అన్నారు. పెద్ద పరీక్షల్లో తేలిపోయింది. 2003 నుంచి కీమోథెరపీ వాంతులకు వాడుతున్నాం. 1981లో దొరికిన 41 అమైనో ఆమ్లాల సీఆర్‌ఎఫ్ (ఒత్తిడి హార్మోన్లను కదిలించే పెప్టైడ్) మీద ఎన్నో కంపెనీలు డిప్రెషన్ మందులు చేసి చేతులు కాల్చుకున్నాయి. చివరికి ఆ కోవలోని క్రినెసెర్‌ఫాంట్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2024 డిసెంబర్‌లో, పుట్టుకతో వచ్చే అడ్రినల్ జబ్బుకు.

నిఖార్సయిన విజయం మెలకువను నిలిపే పెప్టైడ్ ఒరెక్సిన్‌ది. 1998లో రెండు బృందాలు విడివిడిగా కనుక్కున్నాయి, అందుకే హైపోక్రెటిన్ అని రెండో పేరు. మర్నాటి ఏడాదే నార్కొలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉన్న కుక్కల్లో దాని గ్రాహకం చెడిందని తేలింది. 2000లో నార్కొలెప్సీతో చనిపోయిన మనుషుల మెదళ్ళలో ఆ న్యూరాన్లే మాయమైనట్టు కనపడింది. మొత్తం మెదడులో అవి దాదాపు 70 వేలు మాత్రమే. 2014లో దాని గ్రాహకాలను అడ్డుకునే సువొరెక్సాంట్ నిద్రమాత్రగా వచ్చింది. పదహారేళ్ళలో పెప్టైడ్ నుంచి మాత్ర దాకా.

సైకియాట్రీ పీజీలకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. నిద్రలోకి జారేటప్పుడు ఆకారాలు కనపడుతున్నాయంటే స్కిజోఫ్రెనియా అని, నవ్వగానే మోకాళ్ళు సడలి కూలబడితే మూర్ఛ అనో గాలి సోకిందనో నార్కొలెప్సీ రోగులు ఏళ్ళ తరబడి తిరుగుతారు. వెన్నుద్రవంలో హైపోక్రెటిన్-1 ఎంఎల్‌కు 110 పికోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే టైప్ 1 ఖాయం. మానసిక వైద్యంలో, పెప్టైడ్ అంకె చూసి రోగనిర్ధారణ చేయగలిగేది ఇంచుమించు ఇదొక్కటే. పగటి నిద్ర పరీక్షలో సగటున 8 నిమిషాల లోపు నిద్రపట్టి, రెండుసార్లన్నా నేరుగా కలలనిద్ర రావాలి. రోగి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మీద ఉంటే కలలనిద్ర అణగి పరీక్ష తప్పుగా మామూలు అని వస్తుంది. ఆపగలిగితే రెండు వారాల ముందు మెల్లగా ఆపాలి, ఫ్లూఆక్సెటిన్ అయితే ఇంకా ముందు.

వడ్డేపల్లి_పీజీ · గురువారం, రాత్రి 8:45

ఎన్‌పీవై, బీడీఎన్‌ఎఫ్ రెండూ తీసేశాం. ఆక్సిటోసిన్ ఎక్స్‌ట్రాక్షన్‌తో, దానికి తోడు కోపెప్టిన్. గుంపుకు 64 మంది. శీర్షికలో "ప్లాస్మా" అని చేర్చాం. వాక్యూమ్ సెంట్రిఫ్యూజ్ ఇక్కడ దొరకలేదు, శాంపిళ్ళు హైదరాబాద్ ల్యాబుకు పంపాలి. దారిలో ఏం చూసుకోవాలి?

ల్యాబ్‌టెక్_జనగామ · గురువారం, రాత్రి 9:10

మూడు గంటల తొవ్వ అని తక్కువ డ్రై ఐస్ పెట్టకుర్రి, ఘట్‌కేసర్ కాడ ట్రాఫిక్ ఆగితే ఆగినట్టే. దళసరి థర్మాకోల్ డబ్బా, 5 కిలోలు, వయల్స్ నడుమ పెట్టి కింద మీద డ్రై ఐస్. మూత టేపుతోని పూర్తిగ బిగించొద్దు, గ్యాస్ పోయే సందు ఉండాలె, లేకుంటే డబ్బా పగుల్తది. కారు అద్దాలు కొంచెం దించి ఉంచాలె, ఆ గ్యాస్ ఊపిరాడనియ్యదు. చేతులకు దళసరి గ్లౌజులు.

పంపేటి రోజు మంగళవారమో బుధవారమో పెట్టుకోవాలె. శుక్రవారం పంపితే అక్కడ తీస్కునేటోళ్ళు ఉండరు, సోమవారం దాకా డబ్బాల డ్రై ఐస్ మిగలది. అందరియీ ఒక్కసారే పంపొద్దు. ఒక్కొక్కరి ప్లాస్మా రెండు వయల్స్ చేసి, ఒకటి మీ దగ్గర్నే -80ల ఉంచుకోవాలె. ఆ -80కి జనరేటర్ లైన్ ఉందో లేదో ఇయ్యాల్నే కనుక్కోండి, అలారం ఎవలి ఫోనుకు పోతదో గది గూడ.

కాజీపేట_బయోకెం · గురువారం, రాత్రి 9:25

వయల్ మీద మామూలు స్టిక్కర్ -80లో ఊడి అడుగున పడతది, స్కెచ్‌పెన్ రాత ఆల్కహాల్ చుక్క తగిలితే చెరుగుతది. క్రయో లేబుల్ తెప్పించుకోండి. వయల్ గడ్డకట్టకముందే, పొడిగా ఉన్నప్పుడే అతికించి, అదే నంబరు మూత మీద కూడా రాయండి. రోగి పేరు రాయొద్దు, కోడ్ నంబరు ఒక్కటే.